ఊదా గుడ్డ కింద పీర్ల పెట్టె

మోటారు కాలిందని నా షాపుకు తెచ్చేవాడెవడూ నిజం చెప్పడు. నీళ్ళు లేని బోరులో మోటారు ఆన్ చేసి వదిలేసి నిద్రపోయి ఉంటాడు. నా దగ్గరికి వచ్చేసరికి "ఏమో అన్నా, దానంతకు అదే కాలిపాయ" అంటాడు. వైండింగు విప్పి, నల్లబడిన రాగితీగ చేతిలోకి తీసుకుంటే సంగతంతా నాకు తెలిసిపోతుంది. ఏళ్ళ తరబడి ఇదే పని చేస్తున్న మనిషికి అనుమానం అలవాటు కాకపోతే ఎట్లా? మా ఆవిడ నన్ను అనుమానాల పుట్ట అంటుంది. పాలలో నీళ్ళు కలిపారేమోనని వేలు ముంచి చూసేది మాత్రం తనే.

అందుకే మా ఊరి గొడవలో చర్చి ఫాదరు తల దూర్చినప్పుడు అందరికంటే ముందు అనుమానించింది నేనే. ఆయన మాకు చుట్టం కాదు. ఓట్లు అడిగే మనిషి కాదు. మా మతం కాదు, ఎదుటివాళ్ళ మతమూ కాదు. ఏమీ కాని మనిషి ఏమీ ఆశించకుండా మధ్యలోకి వస్తాడా? ఆ ప్రశ్న ఆ ఎండాకాలమంతా నాకు తిన్న తిండి ఒంటబట్టనివ్వలేదు.

మా ఊరు గుమ్మఘట్ట దారిలో ఉంటుంది. కర్ణాటక కూతవేటు దూరం. ఊళ్ళో హిందువులదే జనాభా ఎక్కువ, ముస్లింల ఇళ్ళు ఒక వీధి నిండా ఉంటాయి, ఊరి చివర కాలనీలో క్రైస్తవులు. పీర్ల పండుగ మాత్రం అందరిదీ. మొహర్రం నెలవంక కనపడిన రోజు చావిడిలో పెట్టె తెరిచి పీర్లను బయటికి తీస్తారు. పీర్లంటే తెలియనివాళ్ళకు చెప్తున్నాను, అరచేతి ఆకారంలో వెండివీ ఇత్తడివీ ఉంటాయి. పొడుగాటి కర్రలకు బిగించి, దట్టీలని రంగురంగుల గుడ్డలు కడతారు. నిప్పుల గుండం తొక్కే రోజున పెద్ద పీరును ఎత్తేది మా నాయన. ఆయనకంటే ముందు మా తాత. మేం హిందువులమే. మా ఇంట్లో వెంకటేశ్వరుడి పటం ముందే, పీరుకు చదివించి తెచ్చిన చక్కెర పొట్లం ఉంటుంది. అందులో వింతేమీ ఎవరికీ కనపడలేదు, మొన్నమొన్నటిదాకా.

చావిడిని చూసుకునే ముజావరు నాకు మామ, నాయనకు బావ. రక్తసంబంధం అనుకునేరు. మా వైపు ముస్లింలూ మేమూ వరసలు పెట్టుకునే పిలుచుకుంటాం. పీర్ల పెట్టె ఏడాది పొడుగునా మామ చేతిలో ఉండే చావిడిలోనే ఉంటుంది గాని, దానికి రెండు తాళాలు. ఎడమవైపుది మామ ఇంటిది, కుడివైపుది మాది. రెండు తాళంచెవులూ వస్తేనే పెట్టె తెరుచుకుంటుంది. ఈ పద్ధతి ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో నాయనకు కూడా తెలియదు. మా తాళంచెవి నాయన మెడలో నల్లదారానికి వేలాడుతూ ఉండేది. స్నానం చేసేటప్పుడు కూడా తీసేవాడు కాదు. చిన్నప్పుడు దాన్ని చూసి ఊళ్ళో మాకేదో పెద్ద హోదా ఉందనుకునేవాణ్ణి. పెద్దయ్యాక కూడా అనుకున్నాను, అబద్ధమెందుకు.

రెండు మూడేళ్ళ కిందటి శ్రీరామనవమి అది. అప్పటిదాకా ఊరేగింపులో భజన ఉండేది. ఆ ఏడు డీజే వచ్చింది. డీజేతో పాటు మా ఊరివాళ్ళు కాని కుర్రాళ్ళు వచ్చారు. సరిగ్గా మసీదు ముందర బండి ఆగింది. ఇంజను ఆగిపోయిందన్నాడు డ్రైవరు. ఇంజను దానంతట అది ఎప్పుడు ఆగుతుందో, మనిషి ఎప్పుడు ఆపుతాడో నాకు తెలియదా? పాటల మోతలో ఒక రాయి వచ్చి పడింది. ఎటునుంచి వచ్చిందో నేను చూడలేదు. చూశామని చెప్పేవాళ్ళు మాత్రం ఆ సాయంత్రానికి ఊరినిండా తయారయ్యారు.

చీకటి పడకముందే ఎవరో పీర్ల చావిడి తలుపు మీద పెట్రోలు పోసి అంటించారు. పక్కింటి ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు కొట్టి ఆర్పారు గాని తలుపు సగం మసైంది. ఇక అక్కణ్ణుంచి మాటలు మొదలు. మా వీధిలో ఏమన్నారంటే, పీర్లు పట్టడం తప్పని టౌను నుంచి ఎవరో వచ్చి వాళ్ళకు బోధ చేశారంట, అందుకని వాళ్ళు పీర్లను కరిగించి అమ్మేస్తారంట. వాళ్ళ వీధిలో ఏమన్నారంటే, మావాళ్ళు పెట్టె ఎత్తుకుపోయి చావిడిని గుడి చేసేస్తారంట. రెండు వీధులవాళ్ళూ కర్రలు పట్టుకుని చావిడి ముందు నిలబడ్డారు. ఎస్సై వచ్చి పెట్టెను స్టేషనుకు తీసుకుపోతానన్నాడు. వద్దని రెండు పక్కలా ఒకేసారి అరిచారు. స్టేషనుకు పోయిన వస్తువు కోర్టు ముఖం చూడకుండా బయటికి రాదని అందరికీ తెలుసు. ఆ రోజు ఊరంతా ఏకమైంది ఆ ఒక్క మాట మీదే.

అప్పుడు వచ్చాడు ఫాదరు. కోస్తావైపు మనిషి, మాటకు ముందొక అండీ, వెనకొక అండీ. మా పక్క అంత మర్యాదగా మాట్లాడితే వీడు ఏదో ముంచడానికి వచ్చాడనుకుంటాం. మా ఊరి తప్పెటవాళ్ళంతా ఆయన చర్చివాళ్ళే. శ్రీరామనవమికీ, పీర్లకూ, ఈస్టరుకూ తప్పెట వాళ్ళదే. ఆ రోజు మొదటి రాయి వెనక పడిన రాళ్ళకు వాళ్ళలో ఒకడి తల పగిలింది. ఫాదరు అతణ్ణి తన బండి మీద ఆసుపత్రిలో చేర్చి అప్పుడే తిరిగి వచ్చినట్టున్నాడు. తెల్ల అంగీ భుజం మీద రక్తం ఇంకా ఆరలేదు.

"పెట్టె మా గుడిలో పెట్టండి. తాళంచెవులు ఎలాగూ మీ దగ్గరే ఉంటాయి కదండీ," అన్నాడు.

"దాంట్లో నీకేమొస్తాది ఫాదర్?" అని అడిగింది నేనే.

"నిద్ర వస్తుందండీ," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. కాని ఒప్పుకున్నారు. నమ్మకం ఉండి కాదు. రెండు వీధులవాళ్ళకూ సమానంగా నమ్మకం లేని మనిషి ఆయనొక్కడే. చర్చి టెంపోలో, ముందొక కానిస్టేబులు, వెనకొక కానిస్టేబులు కూర్చోగా, గుంతల దారిలో ఎగిరెగిరి పడుతూ పీర్ల పెట్టె కాలనీకి పోయింది. నాయన చావిడి అరుగు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. మామ ఇంకో అరుగు మీద. అప్పటికే ఒకరితో ఒకరు మాట్లాడకూడదని ఎవరి వీధివాళ్ళు వాళ్ళకు ఆర్డరు వేసేశారు.

ఇంటికి వచ్చాక నాయన ఒకటే మాటన్నాడు. "నెలవంక కనపడే పొద్దుకు పెట్టె తెరవకపోతే ఇంగ ఈ ఊరు ఒకటి కాదురా, రెండు. పీరును ఎత్తకుండానే నేను పోతా."

మర్నాడు పొద్దున మావాళ్ళు కొందరు చర్చికి పోయి చూసి, పరుగు పరుగున వచ్చారు. పెట్టె కనపడటం లేదు. దాని మీద నేలదాకా ఊదారంగు గుడ్డ కప్పేసి ఉంది.

నేను బండి తీసుకుని పోయాను. నిజమే. అయితే పెట్టె మీదే కాదు, గుళ్ళో ఉన్న మరియతల్లి స్వరూపం మీదా, సిలువ మీదా, అన్నింటి మీదా అదే ఊదారంగు గుడ్డలు. నాకు అదొక రకంగా భయమేసింది. అడిగితే ఫాదరు తాపీగా చెప్పాడు. అది వాళ్ళ ఉపవాసాల కాలమంట. ఈస్టరుకు ముందు రోజుల్లో పవిత్రమైనవన్నీ గుడ్డ కప్పి ఉంచుతారంట.

"ఇది మీ పెట్టె కాదు గదా?" అన్నాను.

"పవిత్రమైనదే కదండీ," అన్నాడు.

అంత చక్కటి జవాబు చెప్పేవాణ్ణి ఎట్లా నమ్మేది? గుడ్డ తీసి చూపించమన్నాను. తీయనన్నాడు. తాళాలున్న ఇద్దరు పెద్దలూ కలిసి వచ్చిన రోజునే గుడ్డ తీస్తానన్నాడు. ఊరికే చూసిపోవడానికి రావాలన్నా ఒక నియమం పెట్టాడు. అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు, ఇద్దరూ కలిసి వస్తేనే తలుపు తీస్తాడు. ఒక్కడే వస్తే ఎంత పెద్దవాడైనా బయటే.

మా వీధివాళ్ళు నన్ను ఎంచారు. "నీ అంత అనుమానపోడు ఇంగ ఎవడుండాడప్పా, నువ్వే పో" అన్నారు. దాన్ని పొగడ్తగానే తీసుకున్నాను. అటువైపు నుంచి మామ పెద్దకొడుకు వచ్చాడు, నాకు బావ. టమోటాలు మండీకి తోలే ఆటో అతనిది. దళారులతో వాదులాడీ వాదులాడీ అతనికీ ఎవరి మీదా నమ్మకం లేదు. వారానికొకసారి ఇద్దరం చెరొక బండి మీద పోయి, చెరొక పక్క నిలబడేవాళ్ళం. ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళం కాదు.

ఫాదరు ఎప్పుడూ సమయానికి తలుపు తీయలేదు. పూజ అవుతోందనో, బీరువా తాళం కనపడలేదనో మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టేవాడు. అక్కడ ఉండేది ఒకటే బెంచీ. రెండో బెంచీ ఏమైందని అడిగితే చెదలు పట్టిందన్నాడు. కిటికీలోంచి చూస్తే లోపల ప్లాస్టిక్ కుర్చీలు నిలువెత్తు పేర్చి ఉన్నాయి. ప్లాస్టిక్‌కు ఏ చెదలు పడతాయి? ఇదంతా కావాలని చేస్తున్నాడని నాకు అప్పుడే అర్థమైంది. అర్థమైనా ఏం చేస్తాం, ఎండకు నిలబడలేక ఆ బెంచీకి ఈ చివర నేను, ఆ చివర బావ కూర్చున్నాం.

చర్చి ఊడ్చే అవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చి మా మధ్యలో పెట్టేది. మావాళ్ళలో కాలనీకి కూలీలను పిలవడానికి పోయినవాళ్ళే గాని, అక్కడ కూర్చుని నీళ్ళు తాగినవాళ్ళు తక్కువ. ఆ అవ్వకు అదంతా తెలుసు. "పెట్టె వస్తే గదా మా గుడి యాడుండాదో మీకు తెలిసింది" అని మొహం మీదే అనేసింది. బావ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది గాని, ఎదుటి వీధివాడి ముందు నవ్వడం ఇష్టం లేక దగ్గాను.

అట్లా కొన్ని వారాలు గడిచాక ఒకరోజు బావే నోరు తెరిచాడు.

"మా బోరు మోటారు కాలిపాయ."

"యాడ చేపిచ్చినావ్?"

"రాయదుర్గంలో."

"నా షాపు దాటుకోనే పోయినావా?"

"దాటుకోనే పోయినా."

నాకు కడుపు మండింది. మతం కోసం మనిషిని వదులుకుంటే వదులుకోవచ్చు గాని, మంచి మెకానిక్కును వదులుకుంటారా? చివరికి బావ చెంబు ఎత్తి నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని అన్నాడు, "వాడు సరిగ్గా చుట్టలేదు బావా. మళ్ళా కాలిపాయ."

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ సాయంత్రమే మోటారు నా షాపుకు వచ్చింది. వాళ్ళ వీధి కుర్రాళ్ళు అడిగితే, తక్కువకు చేస్తాడని పోయానని చెప్పాడంట. నేను మావాళ్ళకు, లోపలి సంగతులు లాగడానికి చేర్చుకున్నానని చెప్పాను.

ఈ మధ్యలోనే ఈస్టరు వచ్చి పోయింది. మరియతల్లి మీది గుడ్డ తీసేశారు. సిలువ మీదిదీ తీసేశారు. మా పెట్టె మీది గుడ్డ మాత్రం అట్లాగే ఉంది. అప్పటిదాకా సగం పడుకున్న నా అనుమానం లేచి కూర్చుంది.

"మీ పండగ అయిపాయ గదా ఫాదర్, దీని గుడ్డ ఏంటికి తీయలేదు?" అని అడిగాను.

"మీ పండగ ఇంకా రాలేదు కదండీ," అన్నాడు.

బావ నావైపు చూశాడు. నేను బావవైపు చూశాను. ఆ రోజు మేమిద్దరం మొదటిసారి ఒకే వైపు నిలబడి ఆలోచించాం. ఈయన లోపల ఏదో చేశాడు. పీర్లు మార్చాడా? అమ్మేశాడా? తిరిగిపోతూ దారిలో బండ్లు ఆపి చాలాసేపు మాట్లాడుకున్నాం. పక్కనుంచి పోయేవాళ్ళు, కొట్లాడుకుంటున్నామేమోనని ఆగి చూసి పోయారు.

ఆ తర్వాత ఇంకో దెబ్బ తగిలింది. ఒక తెల్లవారుజామున ఎవరో రైతు పొలంలో మోటారు చూడటానికి పోతూ ఉంటే, చర్చి గేటులోంచి తలకు టవలు చుట్టుకున్న ముసలాయన బయటికి వచ్చాడు. మా నాయన.

"యాడికి పోయింటివి?" అన్నాను.

"చేనికి."

మా చేను ఊరికి అవతలి పక్క ఉంది. నాయనకు అబద్ధం చెప్పడం కూడా చేతకాదు. అప్పుడు ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఇంట్లో ఎవరైనా పెట్టె మాట ఎత్తితే చాలు, ఆయన లేచి బీడీ వెతుక్కునేవాడు. వయసు మీద పడిన మనిషి, బెంగతో ఉన్నాడు. ఇదే అదను అని ఫాదరు బుట్టలో వేసుకున్నాడన్న మాట! పెట్టె కాదు, ఆయనకు కావలసింది తాళంచెవి ఉన్న మనిషి. ఆ మధ్యాహ్నం నాయన నిద్రపోతుంటే చొక్కా పక్కకు జరిపి మెడలో సిలువ ఏమైనా ఉందా అని చూశాను. నల్లదారం, తాళంచెవి మాత్రమే ఉన్నాయి.

నేరుగా ఫాదరు దగ్గరికి పోయాను. ఒక్కణ్ణే పోయాను కాబట్టి గేటు బయటే నిలబడాల్సి వచ్చింది.

"మా నాయన్ని ఏం చేస్తాండావ్ ఫాదర్? తెల్లారకముందే ఈడ ఆయనకేం పని?"

ఆయన లోపలి నుంచి గేటు ఊచలు పట్టుకున్నాడు. "మీ నాయనగారినే అడగండి. నా దగ్గర చెప్పుకున్న మాటను నేను బయట చెప్పకూడదు. మేం ఒట్టు పెట్టుకుని ఉంటాం," అన్నాడు.

"మా నాయన మీ మతం కాదు గదా!"

"మాట మాటేనండీ."

ఇంటికి వచ్చి నాయన మీద అరిచాను. ఆయన తిరిగి అరవలేదు. "నెలవంక దాకా ఓర్చుకోరా, నీకు దండం పెడతా" అన్నాడు. తండ్రి నోట ఆ మాట వినడం ఎవరికీ వద్దు. ఆ పొద్దు నేను అన్నం తినలేదు.

వాన జాడ లేదు. విత్తనం వేరుశనక్కాయలు కొట్టి పెట్టుకుని రైతులు ఆకాశం వైపు చూస్తున్నారు. నైరుతి గాలి మాత్రం పగలూ రాత్రీ కొడుతూనే ఉంది. నెలవంక కనపడే రోజు వచ్చేసింది. పెట్టెను చావిడికి తీసుకుపోయే ముందు, అన్నీ సరిగ్గా ఉన్నాయని తన గుమ్మంలోనే చూసుకోవాలని ఫాదరు పట్టుబట్టాడు. సాయంత్రానికి చర్చి ముందర రెండు వీధులూ వచ్చి నిలబడ్డాయి, ఈ పక్క మేము, ఆ పక్క వాళ్ళు, గేటు దగ్గర పోలీసులు. శ్రీరామనవమికి వచ్చిన బయటి కుర్రాళ్ళు కూడా మావాళ్ళ మధ్యలో సెల్‌ఫోన్లు పైకెత్తి సిద్ధంగా ఉన్నారు. వీళ్ళకు ఎవరు కబురు చేశారో నాకు తెలియదు.

పెట్టెను గుడ్డతో సహా వరండాలోకి తెచ్చి పెట్టారు. ఫాదరు నన్నూ బావనూ పిలిచాడు. "గాలికి మట్టి పడుతోంది. గుడ్డను చెరొక పక్క ఎత్తి పట్టుకోండి, పెద్దలు తాళాలు తీసుకుంటారు," అన్నాడు. పెళ్ళిలో అడ్డుతెర పట్టినట్టు, జనానికి పెట్టె కనపడకుండా ఇద్దరం ఆ ఊదా గుడ్డను పట్టుకున్నాం. గుడ్డ వెనక నాయన, మామ, ఫాదరు. ఎడమ చివర బావ, కుడి చివర నేను.

కుడివైపు మా తాళం ఉంటుందని చెప్పాను కదా. అది తెరిచి ఉంది. కొండీ నోరు తెరుచుకుని, గొలుసు నుంచి పక్కకు వేలాడుతోంది.

నాయన ఇంకా మెడలోంచి దారం తీయనేలేదు, మా తాళం తెరిచి ఉంది! ఇన్నాళ్ళూ నేను అనుకున్నది నిజమే. ఈ గుడ్డ దీనికే. నేను ఒక్క కేక వేస్తే చాలు, మా తాళం ఎవరు పగలగొట్టారని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట కోసమే ఆ ఫోన్లన్నీ పైకి లేచి ఉన్నాయి. తాళం పగిలింది మాది కాబట్టి పగలగొట్టింది వాళ్ళే అయివుంటారు, వాళ్ళు కాకపోతే ఫాదరు. ఎవరని తేలేలోపు ఎన్ని ఇళ్ళు మసైపోయేవో.

నోరు తెరిచాను. ఫాదరు తాళం వైపు చూడటం లేదు, నా ముఖంలోకి చూస్తున్నాడు. మొదటిసారి ఆయన కళ్ళలో భయం కనపడింది. నాయన నావైపు చూసి, తల అడ్డంగా కొంచెమే ఊపాడు. ఆ తర్వాత మెడలోంచి తాళంచెవి తీసి, వంగి, తెరిచి ఉన్న ఆ తాళంలో పెట్టి, శ్రద్ధగా తిప్పాడు. ఎన్నో ఏళ్ళుగా అలవాటున్న చెయ్యిలాగా తిప్పాడు. మామ తన పక్క తాళం తీస్తూ నాయన చేతినే చూస్తున్నాడు. ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు.

"ఏమైంది బావా?" అన్నాడు ఆ చివరి నుంచి బావ, గుసగుసగా. అతని పక్క నుంచి మా తాళం కనపడదు.

గుడ్డను ఇంకొంచెం పైకెత్తాను.

"ఏం లే. గాలి జాస్తి ఉండాది. గట్టిగా పట్టుకో," అన్నాను.

"తెరుచుకున్యాది!" అని నాయన ఊరందరికీ వినపడేటట్టు అరిచాడు. "తెరుచుకున్యాది!" అని మామ అరిచాడు. ఇద్దరి చేతుల్లో రెండు తాళాలు. ఫాదరు కళ్ళతో సైగ చేస్తే మేం గుడ్డ దించాం. మామ మూత ఎత్తి, ఒక్కొక్క పీరునూ తీసి రెండు పక్కలవాళ్ళకూ చూపించాడు. అన్నీ ఉన్నాయి. శ్రీరామనవమినాడు తల పగిలినవాడే తప్పెట మీద మొదటి దెబ్బ కొట్టాడు. ఫోన్లు ఎత్తినవాళ్ళు కాసేపు అట్లాగే పట్టుకుని, ఏమీ జరగకపోయేసరికి చేతులు నొప్పి పుట్టి దించేశారు. ఆ ఊదా గుడ్డను మామ తిరిగి ఇవ్వలేదు. పెద్ద పీరుకు దట్టీగా కట్టేశాడు.

గుండం రోజున నాయన పీరును ఎత్తాడు. చేతులు వణికితే బావ ఒక పక్క కర్ర పట్టుకున్నాడు. నేను ఎదురుగా నిలబడి చూశాను. ఏడ్చాను కూడా, పొగ అని చెప్పాను.

పండుగ అయ్యాక నాయన్ని మంచం మీద కూర్చోబెట్టి తాళం సంగతి అడిగాను. ఈసారి ఆయన బీడీ వెతుక్కోలేదు.

"ఆ బీగం మీ అమ్మ బతికుండంగానే చెడిపోయినాది. కొండీ దిగుతాది గాని పట్టదు. టెంపోలో ఎగిరెగిరి పడి ఊడినట్టుండాది. ఆ సంగతి చెప్పుకుందామని మర్నాడు తెల్లారేలోపల ఫాదరు దగ్గరికి పోయినా. ఆయన అప్పటికే చూసుకోని గుడ్డ కప్పేసినాడు. నేను పోయేసరికి మీ మామ ఆడనే కూచోనుండాడు, అదే మాట చెప్పేకి వచ్చి. అప్పుట్నుంచి ఇద్దరమూ పొద్దున్నే ఆడనే కలుసుకుంటాంటిమి. మాట్లాడుకునేకి ఊర్లో చోటు యాడుండాది మాకు?"

"మామకు ముందే తెలుసా, మన బీగం పట్టదని?"

"మొదట చూసి చెప్పిందే ఆయన. బావా, నీ బీగం పోయినాదిరా అన్యాడు."

"అంటే ఇన్నేండ్లూ ఆయప్ప ఒక్కడే పెట్టె తెరిచేకి అయ్యేది గదా! చావిడి ఆయప్పదే, చెవి ఆయప్పదే. నీకు అనుమానం రానేలేదా?"

ఇంత పెద్దవాణ్ణయినా నేను తనకు అర్థం కాలేదన్నట్టు నాయన నన్ను చూశాడు.

"వచ్చింటే ఆ పొద్దే బీగం మార్పిచ్చిందును గదరా," అన్నాడు.

ఆయన మెడలోంచి నల్లదారం తీసి నా మెడలో వేశాడు. "వచ్చే ఏడు నువ్వే తిప్పాల," అన్నాడు.

కొన్నాళ్ళకు ఫాదరుకు బదిలీ అయింది. పోయేముందు షాపుకు వచ్చాడు. టీ తెప్పించాను. "నిజం చెప్పు ఫాదర్. ఆ గుడ్డ కప్పింది మీ పండగ నియమానికా, మా బీగానికా?" అని అడిగాను. టీ అయిపోయేదాకా ఆలోచించి, "రెండూ ఒకే వారంలో వచ్చాయండీ," అన్నాడు. ఆ మాటను నేను ఇప్పటికీ నమ్మను. చెదలు పట్టిన బెంచీని కూడా నమ్మను.

ఊళ్ళో అంతా బాగైపోయిందని చెప్పను. డీజే మళ్ళీ వస్తోంది. మసీదు ముందర బండి వేగం తగ్గినప్పుడల్లా నా చెయ్యి మెడలోని తాళంచెవి మీదికి పోతుంది. మా తాళంలో లోపలి స్ప్రింగు ఒక్కటి మారిస్తే చాలు, నా షాపులో టీ తాగినంత సేపట్లో అయ్యే పని. మార్చలేదు. మరుసటి ఏడు నెలవంక రోజున నాయన చావిడి అరుగు మీద కూర్చుని ఉంటే, నేను పెట్టె ముందు వంగి, ఏదీ తెరవని ఆ తాళంచెవిని మా తాళంలో పెట్టి తిప్పాను. మామ నా చేతినే చూస్తున్నాడు.

"తెరుచుకున్యాది!" అని అరిచాను.